నేపియర్ల గట్టు మీద సమాధి తీగ

మొక్కకు నేల ఒక్కటే చాలదు, పొరుగు కూడా కుదరాలి. ఈ మాట నేను మావాళ్ళకు ఏటా నాట్ల ముందు చెబుతాను, ఏటా హోబర్ట్ నోరంతా తెరిచి ఆవులిస్తాడు. ఎండ పక్క వాలుకు తెల్ల ఓక్, దానికి తోడు హికరీ, వాటి కింద బ్లూబెర్రీ పొదలు. నీడ పక్క వాలుకు పాప్లర్, బాస్‌వుడ్, వాటి కాళ్ళ దగ్గర చెమ్మ కోరే పూలమొక్కలు. వీటిని అటూ ఇటూ మార్చి నాటితే నాలుగేళ్ళు మొహాలు మాడ్చుకుని బతికి, ఐదో ఏడు చస్తాయి.

"పెళ్ళిళ్ళ పేరమ్మవి అక్కా నువ్వు. మనుషులకు చూసుంటే ఈపాటికి కోటీశ్వరురాలివి," అంటాడు హోబర్ట్. మా బుల్డోజరు నడిపేది వాడే. నాకు దూరపు తమ్ముడు. నోరు పెద్దది, చెయ్యి మంచిది.

నా పేరు వెర్డీ నేపియర్. కెంటకీ కొండల్లో పుట్టాను, అడవుల చదువు చదివాను. బొగ్గు తీసి వదిలేసిన కొండల మీద మళ్ళీ మన అడవినే నిలబెట్టడం నా ఉద్యోగం. తిరిగి తిరిగి చివరకు మా సొంత గట్టుకే వచ్చాను. గట్టు అంటున్నాను గానీ, ఇప్పుడు అక్కడ గట్టు లేదు. కొండ నెత్తిని పేల్చేసి, బొగ్గు ఎత్తుకుపోయి, మిగిలిన రాయీ రప్పా పక్క లోయలోకి తోసేశారు. బల్లపరుపుగా మిగిలిన బోడి మీద యంత్రాలు తిప్పి, నేలను బండలా తొక్కించి, ఎక్కడిదో గడ్డి గింజ జల్లి, కొండను బాగుచేశామని చేతులు దులుపుకుపోయారు. ఇరవై ఏళ్ళు ఆ గడ్డి తప్ప అక్కడ ఇంకేదీ మొలవలేదు. ఆ పని చేసినవాళ్ళ మీద నాకున్న కోపం ఈ జన్మకు చల్లారదు.

పాత గట్టు నెత్తిన మా ఇంటి శ్మశానం ఉండేది, పదమూడు సమాధులతో. పేల్చడానికి ముందు వాటిని కింద చర్చి పక్కకు మార్చారు. కంపెనీ పిలిపించిన మనుషులు తవ్వారు, పెట్టెల్లో పెట్టారు, తెచ్చి వరసగా పాతి పాత రాళ్ళే నిలబెట్టారు. తవ్వే రోజుల్లో మాలో ఎవరినీ పైకి రానివ్వలేదు. ఇంటి తరఫున సంతకం పెట్టింది మా ఐసీ పెద్దమ్మ కొడుకు, బర్ల్ అన్నయ్య.

ఆ పదమూడింట్లో అన్నిటికన్నా పొట్టిది పెద్దమ్మ కూతురు ఓపల్‌ది. నాలుగేళ్ళ పిల్ల, జ్వరంతో పోయింది. మార్చిన రోజు సాయంత్రం పెద్దమ్మ చర్చి పక్కన కొత్త మట్టి మీద చెయ్యి పెట్టి చూసి, "పిల్ల ఇక్కడ లేదు," అంది. ఆ మాట మళ్ళీ వెనక్కి తీసుకోలేదు. ఆమెకు ఈ లోకంలో మిగిలిన కోరిక ఒకటే: పోయాక పిల్ల పక్కన పడుకోవాలి. "రాయి పక్కన కాదర్రా, పిల్ల పక్కన," అనేది. పిల్ల ఎక్కడుందో చెప్పగలిగినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

రెండేళ్ళ కిందటి మార్చి నెల అది. అంతకు ముందు శీతాకాలంలో హోబర్ట్ బుల్డోజరు వెనక ఉక్కు కొంకి కట్టి, బండబారిన నేలను బారులు బారులుగా చీల్చాడు. మంచు కరగ్గానే ఎండ పక్క ఓక్ మొక్కలు నాటడం మొదలుపెట్టాం. వేళ్ళకు తడి ఆరకుండా సంచుల్లో పెట్టుకుని, గునపంతో గాటు పెట్టి, మొక్క దింపి, మడమతో తొక్కుకుంటూ పోవడం. మధ్యాహ్నం నేను మొక్కజొన్న రొట్టె నోట్లో పెట్టుకోబోతుంటే హోబర్ట్ పిలిచాడు.

"అక్కా, నీ పెళ్ళికి పిలవని పేరంటాలు వచ్చింది, చూద్దువుగాని రా."

రాళ్ళ మధ్య పచ్చగా, దట్టంగా, నేలకు అంటుకుని ఒక తీగ. నీలం పూలు. దాని పేరు మా కొండల్లో పసిపిల్లలకు కూడా తెలుసు, సమాధి తీగ. మంచు కురిసినా ఆకు వాడదని మా పాతవాళ్ళు సమాధుల మీద నాటేవారు. అడవిలో ఇల్లూ వాకిలీ లేనిచోట ఆ తీగ కనబడిందంటే మగవాళ్ళు టోపీ తీస్తారు, కింద ఎవరో ఉన్నట్టే లెక్క. అయితే అది మా నేలది కాదు. సముద్రం దాటి వచ్చింది. పాకిందంటే మన అడవి పూలను ఒక్కదాన్నీ తల ఎత్తనివ్వదు. మా అమ్మమ్మ ముద్దుగా నాటిన తీగ, మా ప్రొఫెసరు కనబడితే పీకమన్న తీగ. నేను జీతం తీసుకునేది ప్రొఫెసరు మాట మీద.

"ఎవడి వేళాకోళం ఇది?" అన్నాను. ఆ తీగ గింజతో రావడం అరుదు. ఎవరో వేరు ముక్క తెచ్చి పాతితేనే వస్తుంది.

"నా మీద ఒట్టు, నాకు తెలీదు. అక్కా... దాని కొలత చూశావా?"

చూశాను. ఎవరో తాడు పట్టి గీసినట్టు నాలుగు అంచులూ తిన్నగా ఉన్నాయి. నాలుగేళ్ళ పిల్ల పొడవు.

పాత మట్టిలో వేరు ముక్క ఏదో చిక్కుకుని ఉంటుంది, చీల్చేసరికి పైకి వచ్చి ఉంటుంది అని చెప్పాను. చెప్పడమే కాదు, నమ్మాను. కూర్చుని అంతా పీకి సంచిలో కట్టి, ఆ చోట మూడు ఓక్ మొక్కలు నాటించాను.

ఈస్టర్ దాటాక బతికినవి ఎన్నో, పోయినవి ఎన్నో చూసుకోవడానికి మళ్ళీ పైకి వెళ్ళాం. తీగ మళ్ళీ ఉంది, అదే కొలతలో. నేను నాటిన మూడు ఓక్‌లు దాని అంచున, రాతి మీద, పక్కపక్కనే పడుకోబెట్టి ఉన్నాయి. జింక లాగితే కొరికి పారేస్తుంది, పంది కెలికితే గుంట మిగులుతుంది. వీటికి ఒక్క ఆకు చిరగలేదు. వేళ్ళకు తడి కూడా ఆరలేదు. అక్కర్లేని వస్తువును మర్యాదగా తిరిగి ఇచ్చినట్టు పెట్టి ఉన్నాయి.

ఇంకా ఉంది. పొట్టి తీగకు అటు ఒకటి, ఇటు రెండు, కింద వరస. హోబర్ట్ లెక్కపెట్టుకుంటూ తిరిగాడు. పదమూడు. అన్నీ కాళ్ళు తూర్పుకు. మా దగ్గర అలాగే పెడతారు, లేచేనాడు సూర్యుడికి ఎదురుగా లేవాలని. వాడు పొగాకు ఉమ్మేసి టోపీ తీశాడు.

"తలమీద పెట్టుకో, ఎండ దెబ్బ తగుల్తుంది," అన్నాను.

"నువ్వు తిట్టుకో, కొట్టుకో. నేను మాత్రం వీటి మీద చెయ్యి వెయ్యను."

"నువ్వు వెయ్యకపోతే నేను వేస్తా. శరత్తులో తనిఖీకి వస్తారు. బయటి తీగ ఒక్కటున్నా ఈ గట్టు పని చెల్లదంటారు."

మొండితనం నా పుట్టుకలోనే ఉంది. వంగి పొట్టిదాని అంచు తీగ రెండు చేతులా పట్టుకుని లాగాను. రాలేదు. ఇంకాస్త బలంగా లాగాను. అటువైపు నుంచి లాగారు. వేరు పట్టులా లేదది. వేరైతే బిగిసి ఉంటుంది, లేదా తెగుతుంది. ఇది లాగింది, వదులైంది, మళ్ళీ లాగింది. తాడాటలో పిల్లలు లాగినట్టు. అంతలోనే ఒక్కసారిగా వదిలేసింది. వెల్లకిలా పడ్డాను. నవ్వు వినబడిందని చెబితే అబద్ధమవుతుంది, వినబడలేదు. వినబడుతుందేమోనని మాత్రం ఒళ్ళంతా చెవులు చేసుకుని పడుకున్నాను.

"ఇంకోసారి లాగుతావా?" అన్నాడు హోబర్ట్. వాడి మొహం సున్నం కొట్టినట్టుంది.

లాగలేదు. భయపడ్డాను. అందులో దాచేదేముంది?

ఆ రాత్రి హోబర్ట్ పెళ్ళాంతో అన్నాడు, ఆవిడ పొద్దున్నే పెద్దమ్మతో అంది. మధ్యాహ్నానికి పెద్దమ్మ చేతికర్రతో నా గుమ్మంలో ఉంది. ఎనభై ఎనిమిదేళ్ళు, రెండు కళ్ళలోనూ పొరలు, వెలుగూ చీకటీ తప్ప తెలియదు.

"తీసుకెళ్తావా, నడిచిపొమ్మంటావా?"

ట్రక్కులో తీసుకెళ్ళాను. దింపగానే నా చెయ్యి విదిలించుకుని, చేతికర్రతో తడుముకుంటూ సరాసరి ఆ వరసల మధ్యకు నడిచింది. కర్ర ఒక్కసారి కూడా తీగకు తగల్లేదు.

"ఇది మా మామగారు. కాళ్ళ దగ్గర తొక్కకే, కోపిష్టి మనిషి. ఇది మీ నాయనమ్మ. ఇది మా మరిది లెస్టర్, తాగుబోతు వెధవ, పాపం పాట మాత్రం బాగా పాడేవాడు." అలా ఒక్కొక్కరినీ పలకరించుకుంటూ పొట్టిదాని దగ్గరకు వచ్చి ఆగింది. మోకాళ్ళ మీద కూర్చుంది. పూల మీద చెయ్యి పరిచింది, నిద్రపోయే పిల్ల వీపు మీద పెట్టినట్టు.

"ఇదుగో. ఇక్కడుంది," అంది. ఆమె ఏడవలేదు.

"పెద్దమ్మా, ఇక్కడ ఎవరూ ఉండే వీల్లేదు. మన శ్మశానం ఇక్కడ లేదు. మనం నిలబడ్డచోటికి చాలా పైన, ఇప్పుడు ఆకాశం ఉందే, అక్కడుండేది."

"అయితే దిగొచ్చారు," అంది పెద్దమ్మ. "కొండను కిందికి లాగితే వాళ్ళు మాత్రం గాల్లో వేళ్ళాడతారా?"

ఆమె పొట్టి తీగ పక్కన ఖాళీ నేలను తడిమింది. నేను నాటిన ఇంకో రెండు ఓక్‌లు అక్కడ హాయిగా చిగురించి ఉన్నాయి.

"ఇది నా చోటు. ఇక్కడేం నాటావే?"

"తెల్ల ఓక్‌లు. బతికాయి."

"బతకనీ. కాస్త జరుపు."

మే నెల చివర మా ఊళ్ళో సమాధుల అలంకారం. ఇంటిల్లిపాదీ వచ్చి గడ్డి పీకి, పూలు పెట్టి, అక్కడే నేల మీద బట్టలు పరుచుకుని భోంచేస్తారు. ఆ ఏడు పెద్దమ్మ చర్చి పక్కన రాళ్ళకు ఒక్క పువ్వు పెట్టలేదు. తన గిన్నెలన్నీ, వేయించిన కోడీ, దారానికి గుచ్చి ఎండేసిన చిక్కుళ్ళ కూరా, ఎండు యాపిల్ గుజ్జు పొరల కేకూ నా ట్రక్కులో పెట్టించి పైకి పదమంది. బర్ల్ అన్నయ్య ట్రక్కుకు అడ్డం నిలబడ్డాడు. అరవై ఐదేళ్ళవాడు, చర్చి పెద్ద, ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు.

"అమ్మా, పదిమందిలో పరువు తియ్యకు. చెల్లి ఇక్కడుంది. నేను నిన్నిక్కడే పెడతా, దాని పక్కనే. చోటు ఉంచాను."

"నీ చోటు నువ్వే ఉంచుకో నాయనా."

అన్నయ్య నా మీదికి తిరిగాడు. "నువ్వు నూరిపోస్తున్నావు ఇదంతా. రాళ్ళలో తీగ మొలిస్తే దయ్యాలంటారా? నేనేమైనా పిల్లను అమ్ముకున్నానా?"

"ఎవరన్నారు అన్నయ్యా ఆ మాట?" అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది వ్యవహారం. "ఆ పెట్టెలో ఏముందో నువ్వు చూశావా, అంతే అడుగుతున్నా."

"మూత తీసి చూడమంటావా? నా చేతుల్లో పోయిందే అది. ఎట్లా చూస్తాను?"

ఆ మాట అని అన్నయ్య ట్రక్కు ముందు నుంచి తప్పుకున్నాడు. పెద్దమ్మ, నేను, హోబర్ట్ కుటుంబం పైన భోంచేశాం. కేకులో ఒక ముక్క పెద్దమ్మ పొట్టి తీగ మీద పెట్టింది. తిరిగి వచ్చేటప్పుడు హోబర్ట్ నా మోచెయ్యి గిల్లి చూపించాడు. ముక్క లేదు. చీమ లేదు, పక్షి లేదు, ఆకుల మీద పొడి కూడా రాలలేదు. అంతసేపూ మేం పక్కనే కూర్చుని ఉన్నాం.

వేసవంతా కలుపు మందు డబ్బా నా ట్రక్కులోనే ఉంది. ఆకు మీద ఒక్క చిలకరింపు చాలు, ఆ తీగ వేళ్ళతో సహా మాడిపోతుంది. తనిఖీ దగ్గరపడుతోంది. సమాధి ఉన్నచోటు ముట్టుకోకూడదని చట్టం ఉంది గానీ, చట్టానికి ఎముకలు కావాలి, తీగ చాలదు. రోజూ మూత తిప్పేదాన్ని, మళ్ళీ బిగించేదాన్ని. చల్లితే నా అడవి నిలుస్తుంది. పెద్దమ్మకు మాత్రం పిల్ల ఉన్న చోటు మళ్ళీ ఎప్పటికీ తెలియదు.

అక్టోబరులో హికరీ ఆకులు పసుపెక్కాక పెద్దమ్మ నిద్రలోనే పోయింది. అంతకుముందు సాయంత్రం అన్నయ్యను పిలిచి, "ఎక్కడ పెడతావురా?" అని అడిగిందట. అతను మాట మార్చాడట. మర్నాడు మాత్రం నిశ్చయంగా చెప్పాడు: "చర్చి పక్కనే. కన్నకొడుకును నేను, నా ఇష్టం."

మా దగ్గర గొయ్యి ఇరుగుపొరుగే తవ్వుతారు, యంత్రం పెట్టరు. ఓపల్ రాయి పక్కన హోబర్ట్, ఇంకో ఇద్దరు దిగారు. అన్నయ్య ఒడ్డున నిలబడి చూస్తున్నాడు, నేనూ ఉన్నాను. నడుం లోతుకు వచ్చేసరికి పిల్ల వైపు గోడ జారింది. చివికిన చెక్క పెట్టె ఒకటి అంచు బయటపడి, దాని పక్క పలక ఊడి కిందపడింది. లోపలున్నది బడబడా హోబర్ట్ కాళ్ళ మీదికి రాలింది.

బూడిదరంగు రాతిముక్కలు. గని రాయి. ఇంకేమీ లేదు, ఒక బొత్తాం కూడా లేదు. అన్నిటికన్నా చివర తుప్పుపట్టిన చేపల డబ్బా ఒకటి దొర్లింది. ఎవడో పైన కూర్చుని మధ్యాహ్నం భోజనం చేసి, ఖాళీ డబ్బా మా పిల్ల పెట్టెలో పారేశాడు.

అన్నయ్య ఉన్నపళంగా మట్టిలో కూర్చుండిపోయాడు. ఆ డబ్బాను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మా అందరి ముందూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆపడానికి నాకు మనసు రాలేదు. ఇరవై ఏళ్ళు తల్లి చెబుతూనే ఉంది. చాలాసేపటికి లేచి, "పైకి పదండి," అన్నాడు.

పైన నేను నా రెండు ఓక్‌లను మట్టిగడ్డతో సహా పెకలించి పక్కకు జరిపాను. హోబర్ట్ పార ఒడ్డున పెట్టి గునపం అందుకున్నాడు. అక్కడ మూరెడు తవ్వాలంటే చేతులు బొబ్బలెక్కుతాయని మా అందరికీ తెలుసు. గునపం ఎత్తి వేశాడు. అది పిడి దాకా దిగిపోయింది.

"అక్కా, పార ఇలా ఇవ్వు," అన్నాడు మెల్లగా.

నల్లమట్టి. మెత్తగా, పొడిపొడిగా, వానపాములతో, వందలేళ్ళు ఆకులు రాలి కుళ్ళిన పాత కొండ నెత్తి మట్టి. ఆ వాసన నాకు చిన్నప్పుడు తెలుసు, మళ్ళీ ఎప్పుడూ తగల్లేదు. అలాంటి మట్టి ఆ బోడి మీద పుట్టాలంటే నా అడవి ఎన్ని తరాలు ఆకు రాల్చాలో నాకే తెలియదు. ఒక మనిషి పొడవు, ఒక మనిషి వెడల్పు, అంతవరకే ఉంది. ఒక్క జానెడు పక్కకు వేస్తే పార ఖణేలుమంది. ఎవరో ముందే తవ్వి, మట్టి నింపి ఉంచినట్టు గోడలు తిన్నగా ఉన్నాయి.

చివరి మూరెడు తానే తవ్వుతానని అన్నయ్య దిగాడు. తవ్వడం అయ్యాక పిల్ల వైపు గోడకు చెయ్యి ఆనించి అలాగే నిలబడ్డాడు.

"వెచ్చగా ఉంది," అన్నాడు.

నేను వంగి చూడలేదు. కొన్నిటికి సాక్ష్యం అక్కర్లేదు. పొద్దు వాలకముందే పెద్దమ్మను తూర్పుకు కాళ్ళు పెట్టి దించాం.

తనిఖీకి వచ్చినతను మర్యాదస్తుడు. తీగను చూసి ముఖం చిట్లించాడు, కొత్త మట్టిదిబ్బను చూసి టోపీ తీశాడు. ఇప్పుడక్కడ ఎముకలున్న సమాధి ఒకటుంది, దాని చుట్టూ ఎవరూ ఏదీ పీకడానికి లేదు. మిగతా గట్టంతా నా ఓక్‌లు, హికరీలు. పెద్దమ్మ పోయి కూడా పదమూడు మందిని కాపాడింది.

మొన్న మార్చిలో మంచు కరిగాక ఒక్కదాన్నే పైకి వెళ్ళాను. పెద్దమ్మ మీద తీగ నిండుగా అల్లుకుంది. మేమెవరం నాటలేదు. ఆమెదీ పిల్లదీ కలిసిపోయి, మధ్యలో కాలు పెట్టే సందు కూడా లేదు. ఎన్నాళ్ళకో మనసు నిండింది. అక్కడే కూర్చుని రొట్టె తిన్నాను, ఒక ముక్క వాళ్ళకూ పెట్టాను.

లేచి బయలుదేరబోతుంటే వరస చివర ఇంకొకటి కనబడింది. కొత్తది, ఇంకా పలచగా ఉంది, నాలుగే నాలుగు పూలు. దాని అంచున నా ఓక్ మొక్క ఒకటి వేళ్ళ తడి ఆరకుండా రాతి మీద పడుకోబెట్టి ఉంది. నాటు గునపం పక్కన పెట్టి పొడవు చూశాను. తరువాత అదే గునపం పక్కన నేను నిలబడి చూసుకున్నాను.

"ఇంకా నీడ పక్క వాలంతా మిగిలే ఉంది," అన్నాను పైకే, కాస్త కోపంగానే. "తొందరపెట్టకండి."

ఆ ఓక్‌ను తీసుకెళ్ళి వేరేచోట నాటాను. ఆ చోట మాత్రం మళ్ళీ ఏమీ నాటలేదు.